కరెంటు వచ్చాక ఆర్పని దీపం

మా ఆవిడ పోయిన నెలలో, వాన పడుతున్న ఒక శనివారం సాయంత్రం, బళ్ళారిలో, బ్రూస్‌పేటలోని మా ఇంట్లో చనిపోయింది. గుండె జబ్బు. ఆస్పత్రిలో ఇక చేసేదేమీ లేదన్నాక ఇంటికి తెచ్చుకున్నాం. ఇంటికే పోదామన్నది ఆమే.

ఆ రోజు సంగతి ముందు చెప్పేస్తాను. పొద్దున కాఫీ సగం తాగి మిగతాది నాకిచ్చింది. పక్కింటి వాళ్లు గోడ మీద దుప్పటి ఆరేశారని, వాన వచ్చేలా ఉంది తీసుకోమని చెప్పి రమ్మంది. చెప్పి వచ్చాను. మధ్యాహ్నం రెండు ముద్దలు మజ్జిగన్నం తింది.

"రేపు ఆదివారం గదా, బొరుగులుండాయా?" అని అడిగింది.

ఉన్నాయన్నాను. బజ్జీ మిరపకాయలు ఉన్నాయా అంది. లేవన్నాను.

"తెచ్చి పెట్టు. బజ్జీ లేకుంటే కంప్లి తమ్ముడు మొగం మాడుస్తాడు."

ఆమె నాతో అన్న చివరి మాట అదే. తర్వాత నిద్రపోయింది. సాయంత్రం కాకముందే ఊపిరి తీరు మారింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఒక ఊపిరి తర్వాత ఇంకోటి వస్తుందని చూశాను. రాలేదు.

ఆ బొరుగుల సంగతి తెలియకపోతే ఆమె తెలియదు. బొరుగులు, అంటే మరమరాలు, నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉల్లిపాయ పచ్చిమిరపకాయల తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాణి. మా బళ్ళారి వైపు దాని పక్కన మిరపకాయ బజ్జీ ఉండి తీరాలి. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం పొద్దున మా ఇంట్లో ఉగ్గాణి. తినడానికి ముగ్గురు వచ్చేవాళ్లు. ముగ్గురూ నాస్తికులు. మేమిద్దరమూ అంతే. వీధిలో వాళ్లు ఈ గుంపుకి ఏవేవో పేర్లు పెట్టారు. ఆమె పెట్టింది ఉగ్గాణి సంఘం.

బయటి వాళ్లకు నాస్తికులంటే ఒకటే అచ్చు. మేము కూడా మొదట్లో అలాగే అనుకున్నాం. దేవుడు లేడన్నాం కాబట్టి మిగతా అన్నింటిలోనూ మాకు కుదురుతుందనుకున్నాం. ఆమె ఉగ్గాణి వడ్డిస్తూ, వింటూ, మాలో ఏ ఇద్దరికీ పొత్తు లేదని అందరికంటే ముందు కనిపెట్టింది. ఆ సంగతి ఆమెకు భలే ఇష్టం.

యూనియన్ ఆయన ఉన్నాడు. నూలు మిల్లులో పనిచేసి, అక్కడి యూనియన్ నడిపి రిటైరయ్యాడు. వయసులో మా అందరికీ పెద్ద. ఆమెను చెల్లెమ్మా అనేవాడు. దేవుడు లేడు, చరిత్ర ఉంది, పేదవాడి రోజు వచ్చి తీరుతుంది అనేది ఆయన లెక్క. ఒకసారి ఆయన ఆ రోజు గురించి చెబుతుంటే ఆమె బజ్జీల పళ్లెం ఆయన ముందు పెట్టి, "అన్నా, నీకూ దేవుడుండాడు. ఇంకా రాలా, అంతే. వస్తాడని కూచోనుండావు" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఆ పూట ఇంకో రెండు బజ్జీలు ఎక్కువ తిన్నాడు.

కంప్లి ఆయనది వరి సేద్యం, ఆదివారాలు ఆ ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. మా ఆవిడ పుట్టింది కూడా కంప్లి పక్క ఊళ్లోనే, అందుకని అక్కా అని పిలిచేవాడు. ఆయన తండ్రి ప్రతి ఏడూ తుంగభద్రకు పసుపు కుంకుమలు, చీర సమర్పించేవాడట. ఒక ఏడు అదే నది వచ్చి పొలమంతా ఇసుక మేట వేసి పోయింది. ఆ రోజు నుంచి కొడుకు ఏ దేవుడికీ చెయ్యెత్తలేదు. కానీ మంగళవారం నారు పొయ్యడు. మంగళవారం గడ్డం గీయించుకోడు. యూనియన్ ఆయన నిలదీస్తే ఒకటే జవాబు.

"దేవుడు లేడన్నా. మంగళారం ఉండాది."

ఆయనకు కంటి ఆపరేషన్ చేయాల్సి వచ్చినప్పుడు ఆస్పత్రి వాళ్లు మంగళవారం రమ్మన్నారు. ఆయన పోనన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె తానే ఆస్పత్రికి ఫోన్ చేసి, ఏదో సాకు చెప్పి బుధవారానికి మార్పించింది. యూనియన్ ఆయన ఆ ఆదివారమంతా రుసరుసలాడాడు. మూఢనమ్మకానికి వడ్డించావు చెల్లెమ్మా అన్నాడు. కన్ను ఆయనది, చెయ్యి డాక్టరుది, బుధవారం కూడా డాక్టరు చెయ్యి పనిచేస్తుంది, మనకెందుకు అంది ఆమె.

మూడో ఆయన మా వీధి మొదట్లో ఉండే టైలరు. మా ఆవిడను భాభీ, అంటే వదినా, అని పిలిచే మనిషి. ఆయన దేవుడున్నాడనడు, లేడనడు. "మాలూమ్ నై" అంటాడు. నిజంగా తెలియదనే అంటాడు, తప్పించుకోవడానికి కాదు. మేమంతా అరుచుకుంటుంటే, మీ అందరికీ ఇంత గట్టిగా ఎలా తెలిసిందో అని ఆశ్చర్యపోయేవాడు. ఆయన రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాడు. ఎందుకని యూనియన్ ఆయన అడిగితే అమ్మ కోసం అన్నాడు. అమ్మ పోయాక కూడా ఉన్నాడు. మళ్లీ అడిగాడు యూనియన్ ఆయన.

"అమ్మ కోసమే."

"అమ్మ లేదు గదప్పా ఇప్పుడు?"

"అందుకే."

యూనియన్ ఆయన ఇంకేదో అనబోతే మా ఆవిడ ఆయన పళ్లెంలో ఇంకో గరిటె ఉగ్గాణి వేసింది. అది ఆమె పద్ధతి. ఎవరి మాటైనా ఆగాలంటే పళ్లెం నిండేది. ఆ నెలలో టైలరు వాటా మూత గిన్నెలో పెట్టి పొద్దుగూకాక ఆయన ఇంటికి పంపేది.

ఇక నేను. మాది పాత మిషన్ సంఘంలోని కుటుంబం. మా నాన్న చర్చిలో పెద్ద. కాలేజీలో చదివే రోజుల్లో నమ్మకం పోయింది. పోయింది అనడం కూడా సరికాదు, పీకి పారేశాను. తర్వాత చాలా ఏళ్లు ఎక్కడ దేవుడి మాట వినబడినా అక్కడికి వెళ్లి వాదించేవాణ్ని. పెళ్లి రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకున్నాం. ఆమె మొదటి నుంచీ నన్ను నువ్వు అనే పిలిచింది. చివర ఒక అప్పా చేర్చేది, మా వైపు మగవాళ్లను పిలిచినట్టే. పెళ్లయిన కొత్తలో ఒక పెళ్లి విందులో నేను పాస్టరుతో గట్టిగా వాదించి వచ్చాను. ఇంటికి వచ్చే దారిలో ఆమె అడిగింది.

"నీకు దేవుని మింద ఇంత కోపమేందప్పా? లేనోని మింద యావరన్నా అలుగుతారా?"

నేను ఏదో చెప్పాను. ఆమె కాసేపు నడిచి మళ్లీ అంది.

"నువ్వు ఆయన లేడని నమ్మలా. ఆయనతో మాటలు మానేసినావు, అంతే."

 ఆ తర్వాత నా కోపం మెల్లగా తగ్గింది. ఆమె తగ్గించిందని కూడా నేను గమనించలేదు.

ఆమె దారి వేరు. రైతు ఇంట పుట్టింది. ఇంటినిండా దేవుళ్లు, వారానికో పూజ. ఆమెకు నమ్మకం పోలేదు. రానే లేదు. "మా ఇంట్లో అందరితోనూ మాట్లాడినారంట దేవుళ్లు. నాతో యావరూ పలకలా. నేనూ పలకరించలా" అనేది నవ్వుతూ. ఆమెకు దేవుడి మీద పగ లేదు, జాలి లేదు, బెంగ లేదు. మేం నలుగురం దేవుణ్ని కాదనడానికి ఎంతో కొంత శ్రమ పడ్డవాళ్లం. ఆమె ఆ శ్రమే ఎరగదు. ఒక ఆదివారం ముగ్గురూ ఆమెను కూర్చోబెట్టి, నువ్వు ఏ రకం నాస్తికురాలివో తేల్చమన్నారు. ఆమె చేతిలో జల్లిగరిటె ఉంది.

"మనింట్లో ఒంటె లేదు. ఒంటె లేని ఇల్లని బోర్డు రాపిచ్చుకుంటామా?" అని వంటింట్లోకి పోయింది. బజ్జీలు మాడతాయని.

బడిలో ఆమె సైన్సు చెప్పేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కలలు ఏ భాషలో వస్తాయని ఎవరో అడిగితే, కలలో ఎప్పుడూ పరీక్ష పేపర్లే దిద్దుతుంటాననీ, మార్కులకు భాష అక్కర్లేదనీ అంది. ప్రతి ఏడూ ఒక తరగతిని సంగనకల్లు గుట్టకు తీసుకుపోయేది. అక్కడి బండల మీద పొడుగాటి పల్లాలు ఉంటాయి. వేల ఏళ్ల కింద అక్కడ బతికినవాళ్లు రాతి గొడ్డళ్లను నూరి నూరి బండ అరిగిన చోట్లు. ఆమె ప్రతి పిల్ల చేతా ఆ పల్లంలో అరచెయ్యి పెట్టించేది. పాఠం అంతే. ఏమీ చెప్పేది కాదు.

ఒకసారి నేనూ వెళ్లాను. పిల్లలు కిందికి దిగి టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. ఆమె ఒక్కతే పైన, ఆ పల్లంలో చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని కూర్చుంది. నా లోపలి పాత మనిషి ఊరుకోలేదు.

"ప్రార్థన చేస్తాండావా?" అన్నాను.

"లే. కొలత చూస్తాండా," అంది కళ్లు తెరవకుండానే. కాసేపటికి చెయ్యి తీసి, నా చెయ్యి పట్టి అక్కడ పెట్టింది. "వీళ్లకు ఏ దేవుడుండెనో మనకి తెలీదు. ఆ దేవుడు పోయినాడు. చెయ్యి ఆడిన జాడ మటుకు పోలా."

ఆమె నమ్మిందేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

మా అక్క కంటోన్మెంట్‌లో ఉంటుంది. అక్కది గట్టి విశ్వాసం. నేను చర్చి మానేశాక అక్క నాతో చాలాకాలం ముభావంగా ఉండేది. మా ఇంటికి భోజనానికి వస్తే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. నేను ఆ సేపు గోడ వైపు చూసేవాణ్ని. మా ఆవిడ మాత్రం పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి, అన్నం చల్లారకుండా, ఓపిగ్గా అక్క ముఖం చూస్తూ కూర్చునేది. ఒకరోజు ప్రార్థన అయ్యాక అంది.

"వదినా, అందరికీ థ్యాంక్స్ చెప్పినావు. వంకాయ ఎవరు తరిగింది?"

నేను గొడవ అవుతుందనుకున్నాను. అక్క ఒక్క క్షణం ఆగి, మళ్లీ కళ్లు మూసుకుని, వండిన చేతుల కోసం ఒక వాక్యం చేర్చింది. ఆ రోజు నుంచి ఆ వాక్యం అక్క ప్రార్థనలో ఉండిపోయింది. ఇప్పుడు అక్కే వారంలో రెండు మూడు సార్లు వచ్చి నాకు వండి పెడుతోంది. తినే ముందు ఆ వాక్యం కూడా చెబుతుంది. ఆ చేతులు ఎవరివని నేను అడగను. నాకు తెలుసు.

దీపం గురించి చెప్పాలి.

అది మా అత్తగారి ఇత్తడి ప్రమిద. అరచేతిలో పట్టేంత. అత్తగారు పోయాక అన్నదమ్ములు నగలూ పాత్రలూ పంచుకుంటుంటే ఆమె దాన్ని అడిగి తెచ్చుకుంది. మా ఇంట్లో దేవుడి గూడు లేదు. వంటింటి అలమరలో పెట్టి, అందులో పిన్నీసులూ గుండీలూ వేసేది. కరెంటు పోతే అవి గుప్పిట్లోకి ఒంపి, శనగనూనె పోసి వెలిగించేది. "దేవుని కాడ పనిచేసి రిటైరయింది పాపం. ఇప్పుడు నా కాడ చిన్న ఉద్యోగం ఇచ్చినా" అనేది. మా వైపు వానాకాలంలో కరెంటు పోవడం కొత్త కాదు. అలాంటి సాయంత్రాలు ఆమె ఆ దీపం ముందు కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేది. ఎర్ర సిరా పెన్ను చివర నోట్లో పెట్టుకుని, ఒక పిల్ల రాసిన తప్పుకు తనలో తాను నవ్వుకుంటూ. తర్వాత ఇన్వర్టర్ వచ్చింది. ప్రమిదలో పిన్నీసులు కదలకుండా ఉండిపోయాయి.

జబ్బు ముదిరాక ఆమె ఒకటే మాట నాలుగైదు సార్లు చెప్పింది. తన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని ఎప్పుడో సంతకం చేసి ఉంది. దాని గురించి కాదు. ఆదివారాల గురించి.

"ఆదివారం తలుపు మూయొద్దప్పా. వాళ్లను రానీ. నువ్వు ఒక్కనివే ఉంటే నీకు మళ్లీ కోపమొస్తాది."

ఎవరి మీద కోపమని నేను అడగలేదు. నాకు ఈ ఊళ్లో వేరే మనుషులు లేరు. మాకు పిల్లల్లేరు. చర్చి వైపు బంధువులు అక్క తప్ప రారు. ఆమె వైపు వాళ్లు మా పెళ్లి రోజునే దూరమయ్యారు, అత్తగారు పోయినప్పుడు తప్ప రాకపోకలు లేవు. నాకున్నది ఆ ఆదివారాలే. అవి ఆమె ఉగ్గాణి మీద నిలబడ్డాయని ఆమెకు తెలుసు. తను పోతే అవి కూలిపోతాయేమోనని భయపడింది. సరే అన్నాను. ఆమె నా ముఖం చూసి నమ్మనట్టు తల ఊపింది.

ఆ శనివారం సాయంత్రానికి వస్తాను. ఆమె పోయాక అక్కకూ టైలరుకూ ఫోన్ చేశాను. టైలరు మిగతావాళ్లకు చేశాడు. వాన పెద్దదయింది. చీకటి పడే వేళకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎప్పుడో పాడైంది. ఆస్పత్రి గొడవలో మార్చలేదు. ఫోన్ లైటు వేసి ఆమె ముఖం చూశాను. ఆ లైటుతో నేనేదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు అనిపించింది. ఆపేశాను. వంటింట్లోకి పోయి తడుముకుంటూ ప్రమిద తీశాను. పిన్నీసులు గిన్నెలోకి ఒంపాను. నూనె పోశాను. ఆమె మందుల పెట్టెలోని దూదితో వత్తి చేశాను. వెలిగించి, మాత్రలు పెట్టే స్టూలు మీద పెట్టాను. ఆ స్టూలు మంచానికి తలవైపు ఉంది. నేను చేసింది ఇంతే.

ఆ రోజు కంప్లి ఆయన ధాన్యం పని మీద ఊళ్లోనే ఉన్నాడు. ఆయన ముందు వచ్చాడు. చెప్పులు వాన నీళ్లలో వదిలి, లోపలికి వచ్చి, దీపం చూసి ఆగిపోయాడు. చనిపోయినవాళ్ల తల దగ్గర దీపం పెట్టడం వాళ్ల ఇళ్లలో ఆచారం. "మంచిపని చేసినావప్పా" అన్నాడు మెల్లగా. టైలరు వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అక్క తడిసిన చీరతో వచ్చింది. దీపం చూసింది, నన్ను చూసింది. తమ్ముడు కొంచెం వెనక్కి వచ్చాడనుకుందేమో, కొంగు తల మీదికి లాక్కుని చాలా సన్నగా ఒక చర్చి పాట ఎత్తుకుంది. ఆ పాట నడుస్తుండగానే యూనియన్ ఆయన టార్చిలైటు పట్టుకుని, మోకాళ్ల దాకా తడిసి వచ్చాడు. చెల్లెమ్మ ముఖం కంటే ముందు దీపం మీద పడింది ఆయన లైటు.

"ఏందప్పా ఇది? తలకాడ దీపమా? ఈ ఇంట్లోనా?" అన్నాడు.  "ఆర్పు."

"ముట్టొద్దన్నా," అన్నాడు కంప్లి ఆయన. "ఈ పొద్దు దాన్ని ఆర్పకూడదు."

"యాల? ఆర్పితే యావరు కోప్పడతారు?"

"యావరూ కోప్పడరు. ఆర్పకూడదు, అంతే."

"ఇదీ నీ నాస్తికం. ఇన్నేండ్లు ఈడ కూచోని తిని నేర్చింది ఇదీ."

"కరెంట్ లేదు గదా భాయ్, అందుకని పెట్టినాడేమో" అన్నాడు టైలరు గడప దగ్గర నుంచి. అంతకాలం ఏమీ తెలియదన్న మనిషికే ఆ సాయంత్రం సంగతి తెలిసింది. ఎవరూ వినలేదు. అక్క పాట ఆపేసింది. మా ఆవిడ మంచం మీద పడుకుని ఉంది. ఆమె లేచి పళ్లెంలో ఇంకో గరిటె వేస్తే తప్ప ఆగని మాటలవి.

అప్పుడు కరెంటు వచ్చింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. అందరూ నా వైపు చూశారు. యూనియన్ ఆయన టార్చి ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి మెత్తగానే అన్నాడు.

"సరే. కరెంట్ వచ్చింది గదా. ఇప్పుడు ఆర్పప్పా."

నేను ఆర్పలేదు.

 ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వానలోకి పోయాడు. కంప్లి ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, గెలిచినట్టు. నువ్వనుకునే దాని కోసం కాదు అన్నాను. మరి దేనికన్నాడు. చెప్పలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి ఆయనా పోయాడు.

ఆ రోజు ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. ట్యూబులైటు కింద ఆమె చనిపోయిన మనిషి. దీపం వెలుతురు పడిన పక్క మాత్రం, చెంపా, నోటి చివరా, పరీక్ష పేపర్లు దిద్దుతున్న సాయంత్రాల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. నూనె అయిపోయే దాకా ఆ పక్కనే కూర్చున్నాను. దీపం తనంతట తనే కొండెక్కింది. ఇందులో దేవుడు లేడు. మంగళవారం కూడా లేదు. ఇది నాస్తికానికి సరిపోతుందో లేదో నాకు తెలియదు. ఆమె ఉంటే, నీకెందుకప్పా ఆ లెక్క అనేది.

మర్నాడు పొద్దున వైద్య కళాశాల బండి వచ్చింది. ఇద్దరూ వచ్చారు. ఎవరూ పిలవలేదు. స్ట్రెచర్‌కు ఒక పక్క యూనియన్ ఆయన, ఇంకో పక్క కంప్లి ఆయన పట్టారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మెట్ల దగ్గర మాత్రం ఇద్దరూ ఒకేసారి "నిదానం" అన్నారు. బండి పోయింది. వాళ్లు కూడా పోయారు. అది ఆదివారం. ఆమె బొరుగులు ఉన్నాయా అని అడిగిన ఆదివారం.

తర్వాత టైలరు ద్వారా కబుర్లు వచ్చాయి. యూనియన్ ఆఫీసులో సంస్మరణ సభ పెడదాం, దండలూ దీపాలూ వద్దని ఒకరు. పదకొండో రోజున నలుగురికి అన్నం పెడితే చాలు, ఇంకేమీ వద్దని ఇంకొకరు. అక్క ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టుకుంటానంది. ఏదీ తప్పు కాదు. ఎవరి ప్రేమ వాళ్లకు తెలిసిన దారిలో వచ్చింది. కానీ ఒక్కొక్కరూ ఆమెను తమ వైపు మనిషిని చేసుకుంటున్నారు. ఆమె ఎవరి వైపూ కాదు. ఆమె వంటింటి వైపు నుంచి అందరికీ వడ్డించిన మనిషి. ఏదీ వద్దన్నాను. అక్క తన ఇంట్లో తను ప్రార్థించుకుంది. అందుకు నాకు కోపం రాలేదు. ఆ సంగతి మా ఆవిడకు చెప్పాలనిపించింది.

ఆ తర్వాత ఆదివారాలు తలుపు మూసే ఉంది. కుర్చీలు గోడకు ఆనించి ఉన్నాయి. నిన్న డబ్బా మూత తీసి చూస్తే బొరుగులు ఈ తేమకు మెత్తబడి ఉన్నాయి. వీధిలో ఒకతను భజన మందిరానికి చందా అడగడానికి వచ్చాడు. లేదని చెప్పాను. అతను ఊరికే పోబోతుంటే వెనక్కి పిలిచి వాదన పెట్టుకున్నాను. అతను పోయాక నా గొంతు నాకే వినబడింది. పాత గొంతు. ఆమె చెప్పిన కోపం ఇదేనని అప్పుడు తెలిసింది. తలుపు మూసిన ఇంట్లో అది ఎంత తొందరగా తిరిగి వచ్చిందో చూసి భయమేసింది.

టైలరు దుకాణానికి వెళ్లి కూర్చున్నాను. ఆయన ఒక చొక్కాకు కాజాలు కుడుతున్నాడు. ఆదివారం పిలిస్తే వాళ్లిద్దరూ వస్తారంటారా అని అడిగాను.

"మాలూమ్ నై," అన్నాడు. దారం కొరికి తెంపి, అన్నాడు, "నేనైతే వస్తా. భాభీ లేదు గదా. అందుకే."

రేపు ఆదివారం. ఈ రాతలో నేను తేల్చి చెప్పేదేమీ లేదు. రేపు ఏం చేస్తానో మాత్రం చెబుతాను.

పొద్దున్నే లేచి ప్రమిదను చింతపండుతో తోముతాను. అది ఇంకా ఆ స్టూలు మీదే మసితో ఉంది. ఆరబెట్టి, అలమరలో దాని చోట పెట్టి, పిన్నీసులూ గుండీలూ మళ్లీ అందులో వేస్తాను. బజారుకు పోయి కొత్త బొరుగులూ లావు మిరపకాయలూ తెస్తాను. కంప్లికి ఫోన్ చేసి, దొరికిన మొదటి బస్సు ఎక్కమని చెబుతాను. అక్కణ్నుంచి కౌల్‌బజార్‌కు నడిచి యూనియన్ ఆయన తలుపు తడతాను. కరెంటు పోయిందని పెట్టాను, వచ్చాక ఎందుకు ఆర్పలేదో ఉగ్గాణి తింటూ చెబుతాను రమ్మంటాను. రానంటే, మూత గిన్నెలో పెట్టి మధ్యాహ్నం ఆయన ఇంటికే తెస్తానని చెప్పి వస్తాను.

ఆమె కూరగాయలు తరిగే చెక్కకు మధ్యలో పల్లం పడింది. ఇన్నేళ్లు కత్తి ఆడిన చోటు. ఇంటికి వచ్చి వీధి తలుపు తీసిపెట్టి, ఆ పల్లంలో ఉల్లిపాయ పెట్టి తరుగుతాను. తర్వాత బొరుగులు నీళ్లలో వేస్తాను, ఎప్పటిలాగే అయిదుగురికి సరిపోయేటన్ని.